ఎడారికి ఒంటరిగా పోయే పిల్లలకు నీళ్ల లెక్క, ఇంటివాళ్లకు గడియారం లెక్క

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా నైరుతి ఎడారుల్లో ఆర్వీ (పడక, వంటగది, స్నానాలగది ఉండే బండి) వేసుకొని ఒక్కరే తిరిగి రావడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ బండిలో ఎన్ని నీళ్లు పెట్టుకోవాలో, ఏసీ ఎంతసేపు నడుస్తుందో, పోయిన మనిషి చెప్పిన వేళకు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఒక్క వాక్యం కూడా లేదు. దేవరకొండ, మిర్యాలగూడ, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నుంచి చదువులకూ ఉద్యోగాలకూ అక్కడికి పోయిన పిల్లలు ఎందరో ఉన్నారు. సెలవు దొరికితే బండి అద్దెకు తీసుకొని అరిజోనా, యూటా, నెవడా, న్యూమెక్సికో తిరగాలని వాళ్లకూ ఉంటుంది. పోవద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. లెక్క వేసుకొని పోవాలని, ఆ లెక్క ఇక్కడున్న తల్లిదండ్రులకూ తెలియాలని రాస్తున్నాం.

‘మాది పాలమూరు, మాకు ఎండ కొత్తా?’ అనే ధీమా దగ్గరే చిక్కు మొదలవుతుంది. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు చూసినవాళ్లమే. కానీ మన ఎండలో చొక్కా ఒంటికి అంటుకుంటుంది, తువ్వాల తడిసిపోతుంది, దూప వేస్తుంది. నీడకు పొమ్మని ఒళ్లే చెబుతుంది. జూన్‌లో అరిజోనా ఎడారిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పుట్టినచోటే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి చెమటే పట్టడం లేదనుకుంటారు. ఎండలో నడిచే మనిషి ఒంట్లోంచి గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకు మించి నీరు పోతుంది. దూప వేసేసరికే ఆలస్యమై ఉంటుంది. 2015 ఆగస్టులో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ తెల్ల ఇసుక దిబ్బల్లో, రానూపోనూ 8 కిలోమీటర్లు ఉండే కాలిబాట మీద ఫ్రాన్స్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇద్దరూ చనిపోయారు. వాళ్ల చిన్నపిల్లవాడు బతికాడు. ఆ రోజు ఎండ 38 డిగ్రీల చుట్టుపక్కలే. మనవాళ్లు ఆ ఎండలో వరి కోతకు కూడా పోతారు. ఆ భార్యాభర్తల చేతిలో ఉన్నవి రెండు చిన్న సీసాల నీళ్లు.

ఇక అక్కడి అసలు ఎండ సంగతి. ఫీనిక్స్‌లో 2023లో వరుసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువకు ఉండే లోయ అది, వేడి బయటికి పోదు. అందుకే ఆ వైపు పోవడానికి అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా సరైన కాలం. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడి పల్లపు ఎడారికి ఒక్కరే పోకూడదు. అనుభవం ఉన్నా సరే, పోకూడదనే మా అభిప్రాయం.

నీళ్ల లెక్క చెబుతాం. ఆర్వీకి కింద మంచినీళ్ల ట్యాంకు ఉంటుంది. లారీ ఛాసిస్ మీద ఇల్లు కట్టినట్టుండి, డ్రైవరు నెత్తిమీద పడక ఉండే ‘క్లాస్ సీ’ బండిలో అది సుమారు 150 లీటర్లు పడుతుంది. వ్యాన్ రకం ‘క్లాస్ బీ’లో 75 నుంచి 110 లీటర్లు. ఆ నీళ్లు గిన్నెలకూ స్నానానికీ వాడుకోవచ్చు కానీ తాగేవి మాత్రం వేరుగా ఉండాలి. ఎందుకంటే ట్యాంకులోంచి నీళ్లు రావాలంటే పంపు తిరగాలి, పంపు తిరగాలంటే బ్యాటరీ ఉండాలి. బ్యాటరీ దిగిపోయిన రోజు ట్యాంకు నిండా నీళ్లున్నా కుళాయి తిప్పితే చుక్క రాదు. తాగడానికి మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు, నడక ఉంటే 6 నుంచి 8 లీటర్లు. మూడు రోజుల ప్రయాణమైతే ఐదు రోజుల నీళ్లు పెట్టుకోవాలి. రోజుకు 8 చొప్పున 40 లీటర్లు. మన ఇళ్లల్లో తెప్పించుకునే 20 లీటర్ల బబుల్ క్యాన్లు రెండు అన్నమాట. కానీ రెండు పెద్ద క్యాన్లలో పెట్టకండి. అక్కడ దుకాణాల్లో గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి. అలాంటివి పదకొండు తీసుకొని బండిలో రెండు మూడు చోట్ల సర్దుకోవాలి. గతుకుల్లో ఒకటి పగిలినా మిగిలినవి ఉంటాయి.

వట్టి నీళ్లు తాగుతూ పోవడం కూడా ప్రమాదమే. చెమటతో ఉప్పు పోతుంది. ఉప్పు లేకుండా నీళ్లే పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక, అన్నీ వడదెబ్బ లాగే ఉంటాయి. అది వడదెబ్బే అనుకొని ఇంకా నీళ్లు తాగితే ఇంకా దిగజారుతుంది. ఇక్కడి నుంచి పోయేటప్పుడు 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది పన్నెండు సూట్‌కేసులో వేసుకుంటే మంచిది. ఒక్కోటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, అర లీటరులో కాదు. ఉప్పు వేసిన సల్ల తాగి, పచ్చడి నంజుకొని పొలానికి పోయే అలవాటులో ఉన్న తెలివి ఇదే. నడకలో ఉప్పు బిస్కెట్లో వేయించిన పల్లీలో తింటూ ఉండాలి. మనిషి మాట తడబడినా, ఎటు పోతున్నాడో తెలియనట్టు ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. ఆ క్షణమే నీడకు చేర్చి, బట్టలు తడిపి, గాలి విసరాలి. ఒంటరిగా పోయినవాళ్లకు అసలు కష్టం అదే, బుర్ర పనిచేయడం మానేసినప్పుడు ఆ మాట చెప్పే మనిషి పక్కన ఉండడు. కాబట్టి గడియారం చూసి వెనక్కి తిరగాలి. ‘అలసిపోతే తిరిగొస్తాను’ అనుకోవడం పనికిరాదు. ‘తొమ్మిదిన్నరకు ఎక్కడున్నా తిరుగుతాను’ అనుకోవాలి.

గ్రాండ్ కేనియన్‌కు ఈ మాట మరీ వర్తిస్తుంది. నల్లమలలో సలేశ్వరం పోయినవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. లోయలోకి దిగడం సులువు, ఎండెక్కాక పైకి రావడమే ప్రాణం తీస్తుంది. గ్రాండ్ కేనియన్ దక్షిణపు అంచు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంటుంది, నది అక్కడి నుంచి 1,300 మీటర్లకు పైగా లోతున. అంచు మీద చల్లగాలి కొడుతున్న రోజున కూడా అడుగున 43 డిగ్రీలు దాటుతుంది. దిగడానికి పట్టినదానికి రెట్టింపు సమయం ఎక్కడానికి లెక్కపెట్టుకోవాలి. ఎండకాలంలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు. అంచు నుంచి నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే ప్రయత్నం చేయొద్దని కూడా వాళ్లే బోర్డులు పెట్టారు.

ఏసీ విషయంలో అందరూ పొరపడతారు. ఆర్వీ నెత్తి మీద ఉండే ఏసీ సాధారణంగా 13,500 బీటీయూ, అంటే మన లెక్కలో టన్నుకు కాస్త ఎక్కువ. నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు తీసుకుంటుంది. బండిలో ఉండే 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో ఉన్నదే 1,200 వాట్ అవర్లు. అందులో సగానికి మించి వాడితే బ్యాటరీ పాడవుతుంది. అంటే ఆ బ్యాటరీ మీద ఏసీ అరగంట కూడా నడవదు, చాలా బండ్లలో అసలు ఆ వైరింగే ఉండదు. ఏసీ నడవాలంటే జనరేటర్ వేయాలి, లేదా క్యాంపు గ్రౌండ్‌లో కరెంటు స్తంభానికి తీగ తగిలించాలి. జనరేటర్ బండి ట్యాంకులోని పెట్రోలే తాగుతుంది, గంటకు సుమారు రెండు లీటర్లు. ట్యాంకు పావు వంతుకు రాగానే తనంతట తాను ఆగిపోతుంది. బండి కదలడానికి ఇంధనం మిగలాలని అలా కట్టారు. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. చాలా క్యాంపు గ్రౌండ్లలో రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు. కాబట్టి వేడి రోజుల్లో కరెంటు లేని చోట పడుకోవాలనుకుంటే ఏసీని నమ్ముకోకూడదు, ఎత్తుకు పోవాలి. ఫీనిక్స్ 330 మీటర్ల ఎత్తున ఉంటే రెండున్నర గంటల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ ప్రతి 300 మీటర్లకు సుమారు 2 నుంచి 3 డిగ్రీలు తగ్గుతుంది. అదే ఫ్లాగ్‌స్టాఫ్‌లో జనవరిలో మంచు పడుతుంది, బండిలో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఫీనిక్స్ వాతావరణం చూసుకొని ఫ్లాగ్‌స్టాఫ్‌కు బట్టలు సర్దుకోకూడదు.

జనరేటర్ పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పొగ గొట్టం వైపు కిటికీ తెరిచి పడుకోవద్దు. పడుకునే ముందు గోడ మీది డిటెక్టర్ బటన్ నొక్కి మోగుతుందో లేదో చూడాలి. వంటకు అక్కడ వాడేది ప్రొపేన్. అక్కడివాళ్లు ‘గ్యాస్’ అంటే పెట్రోలు అని గుర్తుపెట్టుకోవాలి. బంకుల్లో ఆకుపచ్చ పిడి సాధారణంగా డీజిల్‌ది. ఇక్కడి నుంచి తీసుకుపోయిన రైస్ కుక్కర్ అక్కడి 120 వోల్టుల మీద నాలుగో వంతు వేడి మాత్రమే ఇస్తుంది, బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. ప్రెషర్ కుక్కర్ అయితే ప్రొపేన్ పొయ్యి మీద బాగా పనిచేస్తుంది, నీళ్లూ ఆదా అవుతాయి.

మురుగు గురించి ఎవరూ చెప్పరు, కానీ మొదటి రోజే తెలుసుకోవాలి. లెట్రిన్ నీళ్ల ట్యాంకు వేరు, స్నానం నీళ్ల ట్యాంకు వేరు. మురుగు పారబోసే డంప్ స్టేషన్‌లో లెట్రిన్ ట్యాంకు ముందు ఖాళీ చేసి, తర్వాత స్నానం నీళ్లు వదలాలి. ఆ నీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. లెట్రిన్ ట్యాంకు వాల్వు తెరిచి ఉంచితే నీళ్లు కారిపోయి మలం లోపల గట్టిపడి గుట్ట కడుతుంది. అద్దె బండి వాపసు చేసేటప్పుడు ఈ ఒక్కదానికే డబ్బులు కోస్తారు. లెట్రిన్ నీళ్లు నేల మీద వదలడం నేరం.

టైర్ల విషయంలో బండి తీసుకునే రోజే గట్టిగా ఉండాలి. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైన టైరు. గాడులు లోతుగా ఉన్నా ఆరేడేళ్లు దాటిన టైరును ఎడారిలో నమ్మకూడదు, ఎండకు రబ్బరు లోపల పగులుతుంది. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. మధ్యాహ్నం రోడ్డు వేడికి పీడనం పెరిగిందని గాలి తీసేయకూడదు. తీస్తే రాత్రికి టైరు మెత్తబడి, మర్నాడు పక్కగోడలు వేడెక్కి పేలుతుంది. డెత్ వ్యాలీ నుంచి పైకి ఎక్కే రోడ్ల మీద ఏసీ ఆపమని బోర్డులు ఉంటాయి. ఆపాలి. ఇంజన్ వేడి సూచిక ఇంకా పెరుగుతుంటే హీటర్ వేయాలి. ఒంటికి కష్టంగా ఉన్నా ఇంజన్ వేడిని అది లాగేస్తుంది. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి, బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకులు పట్టు వదిలేస్తాయి.

క్లాస్ సీ బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. యూటాలో గ్రీన్ రివర్ నుంచి సలైనా దాకా 170 కిలోమీటర్లకు పైగా ఇంటర్‌స్టేట్ 70 రహదారి మీద ఒక్క బంకు లేదు. సగం ట్యాంకు అయ్యాక కనిపించిన ప్రతి బంకులో నింపుకోవాలి.

మట్టి రోడ్ల గురించి మనవాళ్లకు ఉదాహరణ ఇంటి దగ్గరే ఉంది. వాన పడ్డ నల్లరేగడిలో ట్రాక్టరే దిగబడుతుంది. యూటాలో కాటన్‌వుడ్ కేనియన్ రోడ్డు లాంటివి బెంటొనైట్ అనే బంకమట్టివి. పొడిగా ఉంటే కారు కూడా పోతుంది, తడిస్తే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కదలదు. అద్దె ఒప్పందాల్లో చాలావాటిలో మట్టి రోడ్డెక్కితే బీమా వర్తించదని రాసి ఉంటుంది. ఎండకాలంలో డెత్ వ్యాలీకి పోవద్దని కూడా చాలా కంపెనీలు రాస్తాయి. సంతకానికి ముందు ఆ పేజీ చదవాలి. ఫోన్‌లోని మ్యాపు దగ్గరి దారి అని మట్టిబాట చూపిస్తే నమ్మొద్దు. అలా నమ్మి డెత్ వ్యాలీలో చనిపోయినవాళ్లు ఉన్నారు. బండి దిగబడితే దాన్ని వదిలి నడవకూడదు. వెతికేవాళ్లకు మనిషి కన్నా బండి ముందు కనిపిస్తుంది, నీడా నీళ్లూ అందులోనే ఉన్నాయి.

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా అక్కడా వానలకాలమే. ఇక్కడ చుక్క రాలకపోయినా ఎగువన వాన పడితే దుందుభి వాగు ఎలా వస్తుందో కల్వకుర్తి, డిండి వాళ్లకు తెలుసు. ఎడారిలో ఇంకా వేగం. నేల నీటిని పీల్చదు, రాతి లోయ వెడల్పు ఒక్కోచోట మనిషి భుజాలంతే. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ కేనియన్‌లో, దూరాన కురిసిన వాన తెచ్చిన వరదకు 11 మంది పోయారు. 2015 సెప్టెంబరులో యూటాలోని జాయన్ పార్కులో ఉన్న కీహోల్ కేనియన్‌లో ఏడుగురు. ఇరుకు లోయలోకి దిగే ముందు నెత్తిమీది ఆకాశం చూస్తే చాలదు. ఎగువ ప్రాంతపు వరద హెచ్చరిక చూసుకోవాలి, ఆ ఉదయం పార్కు రేంజర్‌ను అడగాలి. రాత్రి బండిని ఇసుక వాగులో నిలపకూడదు, అది ఎంత చదునుగా కనిపించినా సరే.

ఫీనిక్స్, టూసాన్ మధ్య ఇంటర్‌స్టేట్ 10 మీద దుమ్ము తుపాను వస్తే ముందు రోడ్డు కనపడదు. తారు దాటి వీలైనంత పక్కకు పోయి ఆపాలి. ఆ తర్వాత లైట్లన్నీ ఆర్పాలి, ఇండికేటర్లు కూడా. బ్రేకు మీద కాలు తీసేయాలి. మనకు ఇది వింతగా ఉంటుంది. లైటు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు అదే దారి అనుకొని దాని వెంట వచ్చి గుద్దుతాడు.

ఇప్పుడు ఇంటివాళ్ల సంగతి. ఆరాన్ రాల్స్టన్ అనే యువకుడు 2003 ఏప్రిల్‌లో యూటాలోని బ్లూజాన్ కేనియన్‌కు ఎవరికీ చెప్పకుండా పోయాడు. బండరాయి కింద చేయి ఇరుక్కుంది. ఐదు రోజుల తర్వాత ఆ చేతిని తానే కోసుకొని బయటపడ్డాడు. ఎటు పోయాడో తెలిసిన మనిషి ఒక్కడుంటే వెతుకులాట ముందే మొదలయ్యేది. ఆ ఒక్క మనిషి పని ఇక్కడ అచ్చంపేటలోనో హుజూర్‌నగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలు చేయగలరు. ఇంగ్లీషు రాకపోతే కాలేజీ చదివే మేనల్లుడినో పక్కింటి అమ్మాయినో తోడు పెట్టుకొని చేయవచ్చు.

ముందు గడియారం. అరిజోనా ఏడాదంతా ఒకే సమయం పాటిస్తుంది, మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 6 అయితే ఇక్కడ మర్నాడు ఉదయం 6.30. యూటా, న్యూమెక్సికోలలో మార్చి నుంచి నవంబరు మొదటివారం దాకా గడియారం గంట ముందుకు జరుపుకుంటారు, అప్పుడు తేడా పదకొండున్నర గంటలే. ఎక్కువ భాగం అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ (నవాహో ఆదివాసులు సొంతంగా పాలించుకునే ప్రాంతం) కూడా గడియారాన్ని ముందుకు జరుపుకుంటుంది, చుట్టూ ఉన్న అరిజోనా జరుపుకోదు. అందువల్ల ఎండకాలంలో పేజ్ అనే ఊరి నుంచి మాన్యుమెంట్ వ్యాలీ పోయేలోపు గంట మారిపోతుంది. కాబట్టి పిల్లలు తిరిగొచ్చే వేళ చెప్పేటప్పుడు భారత సమయంలో చెప్పాలి, కాగితం మీద అదే రాయాలి.

ఆ కాగితంలో ఉండాల్సినవి: బండి నంబరు, ఏ రాష్ట్రపు ప్లేటు, రంగు, పొడవు. ఏ రోజు ఏ క్యాంపు గ్రౌండ్, ఏ కాలిబాట, నడక ఎక్కడ మొదలు. ఎన్ని నీళ్లున్నాయి, ఏ మందులు వాడుతున్నారు. వేసుకున్న బట్టల ఫొటో, బూటు అడుగు ఫొటో కూడా. అడుగుజాడలు వెతికేవాళ్లు మొదట అడిగేది అదే.

ఇక్కడి నుంచి 911 కొడితే అమెరికాకు పోదు. అక్కడ మనిషి తప్పిపోతే వెతికే బాధ్యత చాలాచోట్ల ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరిఫ్‌ది, జాతీయ పార్కు లోపలైతే రేంజర్లది, నవాహో నేషన్‌లో వాళ్ల పోలీసులది. అందుకని దారిలో వచ్చే ప్రతి కౌంటీ షెరిఫ్ కార్యాలయం పది అంకెల నంబరు, పార్కు నంబరు బయల్దేరే ముందే రాసిపెట్టుకోవాలి. ముందు ప్లస్ 1 కలిపి ఇక్కడి నుంచి చేయవచ్చు. ఎడారిలో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతివాటిలో ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపే వీలుంది, కానీ ఆకాశం కనిపించే చోట నిలబడాలి, ఇరుకు లోయలో అందదు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ సందేశ పరికరముంటే మనిషి ఎక్కడున్నదీ ఇంటివాళ్లు మ్యాపులో చూడవచ్చు. దానికి నెలవారీ చందా కట్టాలి. ఇవేవీ కాగితానికి బదులు కాదు, బ్యాటరీ అయిపోతే అన్నీ ఒకటే.

తిరిగొచ్చే వేళ తర్వాత ఎన్ని గంటలు ఆగి షెరిఫ్‌కు ఫోన్ చేయాలో ముందే ఒప్పుకోవాలి. శీతకాలంలో మూడు గంటలు, ఎండకాలంలో ఒక గంట చాలు. టైరు పంచర్ అయిందేమో, సిగ్నల్ లేదేమో అని సర్దిచెప్పుకుంటూ సాయంత్రం దాకా ఆగితే అక్కడ ఒక రాత్రి గడిచిపోతుంది. పిల్లలు కూడా బండి దగ్గరికి రాగానే మొదట చేయాల్సింది ఇంటికి సందేశం. అది మరిచిపోయి పడుకుంటే హెలికాప్టర్ బయల్దేరవచ్చు. వ్యాసం మలి భాగం ప్రచురిస్తే ఆ కాగితం నమూనా కూడా కత్తిరించి దాచుకునేలా ఒక మూల వేయమని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు పాఠకులు,
అచ్చంపేట, నాగర్‌కర్నూలు జిల్లా